పంట రాకముందే డబ్బు కట్టాం: ఒక కుటుంబ ఫారంతో మా 20 వారాలు

2023 నవంబర్ నడుస్తోంది. ఒక కూరగాయల ఫారంలో ముందే డబ్బు కట్టి వాటా తీసుకుంటే వారం వారం బాక్స్ వస్తుంది, ఆఖరి బాక్స్‌లో వచ్చిన వాటిలో ఒక క్యాబేజీ, నాలుగు క్యారెట్లు ఇంకా ఫ్రిజ్‌లో ఉన్నాయి. అవి అయిపోయేలోపు ఇదంతా రాసిపెట్టాలని కూర్చున్నాను. ఇందులో చేరే ముందు నేను చాలా వెతికాను, తెలుగిళ్లవాళ్లు ఎవరైనా తమ అనుభవం రాశారేమోనని, ఒక్కటీ దొరకలేదు. అందుకే తేదీలతో, ఖర్చులతో సహా రాస్తున్నాను.

మేం ఉండేది షికాగోకి పడమరగా నేపర్‌విల్‌లో. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. నేను పుట్టి పెరిగింది జనగామ దగ్గర ఒక పల్లెలో, పత్తి పండించే ఇంట్లో.

2023 జనవరి 28, శనివారం. లైబ్రరీలో ఒక డాక్యుమెంటరీ వేస్తున్నారంటే పిల్లల్ని కాసేపు బయటికి తీసుకెళ్లొచ్చు కదా అని వెళ్లాను, అంతే. ఆ సినిమా పేరు ‘ది రియల్ డర్ట్ ఆన్ ఫార్మర్ జాన్’, 2005లో వచ్చింది. జాన్ పీటర్సన్ అనే రైతు కథ. ఆయన ఊరు కాలెడోనియా, మన ఇల్లినాయ్‌లోనే, రాక్‌ఫర్డ్ దగ్గర. తాతల నాటి పొలం, చిన్న వయసులోనే తండ్రి పోవడం, 1980ల మొదట్లో అప్పులు మీద పడి పొలంలో చాలా భాగం అమ్ముకోవడం, ఊళ్లోవాళ్లు ఆయన గురించి లేనిపోని పుకార్లు పుట్టించడం, ఆ తర్వాత నగరంలోని కుటుంబాలు వాటాదారులుగా చేరాక పొలం మళ్లీ నిలబడటం. తల్లి ఎప్పుడో ఇంటి కెమెరాతో తీసిన పాత దృశ్యాలు కూడా అందులో ఉన్నాయి.

పొలం అమ్ముకునే భాగం వచ్చేసరికి నాకు గొంతు పట్టేసింది. 1997-98లో పత్తి మీద లద్దెపురుగు పడి వరంగల్ జిల్లాలో ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో మా వయసువాళ్లకు చెప్పక్కర్లేదు. మా బాపుకి ఐదెకరాలు ఉండేది. విత్తనాలు, మందులు అన్నీ టౌన్‌లో ఒకే దుకాణంలో ఉద్దెర, నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి, పైగా పండిన పత్తి ఆ దుకాణపాయనకే పోయాలి, ఆయన కట్టిన ధరకే. ఆ ఏడు పోయడానికి పత్తే లేదు. రెండెకరాలు అమ్మి బాకీ తీర్చాడు. నాకప్పుడు 11 ఏళ్లు, రిజిస్ట్రేషన్ రోజు బాపు ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా మంచం మీద పడుకోవడం ఇప్పటికీ కళ్లముందు ఉంది.

సినిమా అయ్యాక అక్కడే కుర్చీలు గుండ్రంగా వేసుకుని మాట్లాడుకున్నారు. పన్నెండేళ్లుగా ఒక ఫారంలో వాటా తీసుకుంటున్న పెద్దావిడ ఒకరు చాలా తేలిగ్గా చెప్పారు. రైతుకి డబ్బు కావాల్సింది చలికాలంలో: విత్తనాలు, గ్రీన్‌హౌస్‌లో వేడికి గ్యాస్, ట్రాక్టర్ రిపేరు. కూరగాయలు అమ్మి డబ్బు చేతికొచ్చేది జూలైలో. మధ్యలో ఆ అయిదారు నెలలకు బ్యాంకు దగ్గరికి వెళ్లే బదులు తినేవాళ్లే ముందుగా ఇస్తారు. పంట బాగుంటే బాక్స్ నిండుగా వస్తుంది, పోతే తక్కువ వస్తుంది, డబ్బు వాపసు అడగరు. దీన్నే సీఎస్‌ఏ, అంటే కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్ అంటారు. (హైదరాబాద్ వైపు సీఎస్‌ఏ అంటే సుస్థిర వ్యవసాయ కేంద్రం అనుకుంటారు, ఇది వేరు.) అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లో ఒకటి, న్యూ హాంప్‌షైర్‌లో ఒకటి, రెండు ఫారాలతో మొదలైందని కూడా ఆవిడే చెప్పారు.

మిత్తి లేకుండా, పంటకు ముందు. ఆ మాట ఇంటికి వచ్చేదాకా కారులో నా తలలో తిరుగుతూనే ఉంది.

ఫిబ్రవరి మొదటి రెండు వారాలు వెతుకులాటకే పోయాయి. చేరాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది బాక్స్ ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకు దించుతారు అన్నది. ధర తర్వాత. మాకు నచ్చిన ఒక ఫారం బుధవారం మధ్యాహ్నమే దించుతుంది, మాకు కుదరదు. చివరికి గురువారం సాయంత్రం 4 నుంచి 7 లోపు, మా ఇంటికి 9 మైళ్ల దూరంలో దించే చిన్న కుటుంబ ఫారం ఒకటి దొరికింది. సినిమాలోని ఫారం కాదు, వేరే. భార్యాభర్తలు, ఆయన తమ్ముడు నడుపుతారు, 180 మంది వాటాదారులు. ఇక్కడి నుంచి రాసేదంతా ఆ ఫారం గురించే, పేరు మాత్రం రాయను.

పూర్తి వాటా 20 వారాలకు 660 డాలర్లు, అంటే వారానికి 33. వారం విడిచి వారం అయితే 360. గుడ్లు కావాలంటే అదనం, మేం తీసుకోలేదు. ఇవి కాక సీజన్‌లో రెండుసార్లు నాలుగేసి గంటలు పొలంలో పనిచేయాలి, రాలేకపోతే ఒక్కోదానికి 50 డాలర్లు కట్టాలి. నాలుగు వాయిదాల్లో కూడా కట్టొచ్చు కానీ ఫిబ్రవరి నెలాఖరులోపు మొత్తం చెక్కు పంపితే వాళ్లకు ఎక్కువ ఉపయోగమని దరఖాస్తులో రాసి ఉంది.

మా ఆయనకు ఇష్టం లేదు. ఆయన వాదనలో తప్పు కూడా లేదు. “ఏమొస్తుందో తెలీదు, ఎంతొస్తుందో తెలీదు, మనం తినేవి వస్తాయో రావో తెలీదు, దానికి 660 ముందే కట్టడమేంటి?” అన్నాడు. మేం వారానికి ఇండియన్ స్టోర్‌లో బెండకాయ, దొండకాయ, వంకాయ, కొత్తిమీర, కాస్ట్‌కోలో ఉల్లిగడ్డ, టమాటా కొనే ఇల్లు. రెండు రాత్రులు దీని మీదే మాట్లాడుకున్నాం. చివరికి బాపు సంగతి చెప్పాను. పెళ్లయి ఇన్నేళ్లయినా రెండెకరాలు అమ్మిన రోజు గురించి ఆయనకు అంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. ఫిబ్రవరి 18న చెక్కు ఆయనే రాశాడు. ఒప్పందం కాగితంలో ‘వాతావరణం వల్లగానీ చీడపీడల వల్లగానీ పంట తగ్గవచ్చని, డబ్బు తిరిగి రాదని నాకు తెలుసు’ అనే వాక్యం పక్కన విడిగా సంతకం పెట్టాలి. అక్కడ పెట్టేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

మర్నాడు ఆదివారం బాపుకి వీడియో కాల్ చేసి చెప్పాను.

“పంట రాకముందే పైసలిచ్చినవా? మిత్తి ఎంత పెట్టినవ్?”

“మిత్తి లేదు బాపూ.”

“మరి పంట పోతే?”

“పోతే పోయినట్టే. పైసలు అడగం. నిన్న సంతకం కూడా పెట్టిన.”

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను. తర్వాత, “గట్ల ఇచ్చేటోళ్లు ఉంటరా బిడ్డా?” అన్నాడు. ఆ తర్వాత వరుసగా ప్రశ్నలు. ఎన్ని ఎకరాలు, నీళ్లు ఎట్ల, కూలోళ్లు ఎవరు, మందులు కొడతరా లేక మన ఏనెబావి లెక్క కొట్టకుంట పండిస్తరా. (లింగాల ఘనపూర్ మండలంలోని ఏనెబావి 2006 నుంచే రసాయనాలు వాడని ఊరుగా పేరుపడింది, మా వైపు ఎవరు ఈ మాట ఎత్తినా ఆ ఊరి పేరే వస్తుంది.) సగం ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. కనుక్కుని చెబుతానన్నాను. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక పొలం దొరికింది. ఇన్నేళ్ల ఫోన్లలో ‘తిన్నవా, పిల్లలు మంచిగున్నరా’ దాటి ఇంతసేపు మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ తర్వాత ఎదురుచూపు. డబ్బు కట్టింది ఫిబ్రవరి 18, మొదటి బాక్స్ అందింది జూన్ 15. మొత్తం 117 రోజులు. ఇది ఎవరూ ముందు గట్టిగా చెప్పరు, మీరు తెలుసుకోండి. మధ్యలో నెలకు రెండు ఉత్తరాలు మెయిల్‌లో వచ్చేవి. మార్చిలో గ్రీన్‌హౌస్‌లో ఉల్లి నారు ఫొటో, ఏప్రిల్‌లో దుక్కి తడిగా ఉండి ట్రాక్టర్ దిగడం లేదని. మేలో అంతా తలకిందులైంది, వాన దాదాపు లేదు. మొదటి బాక్స్ జూన్ 8న అన్నారు, పాలకూర, లెట్యూస్ ఎదగలేదు ఒక వారం ఆగండి అని మెయిల్ వచ్చింది. వాన కోసం ఆకాశం చూసే అలవాటు నాకు ఊరు వదిలాక పోయింది. మళ్లీ వచ్చింది. ఆఫీసులో కాల్‌లో ఉండగా కిటికీ బయట మబ్బు పడితే మనసు అటే పోయేది.

జూన్ 15 సాయంత్రం పిల్లల్ని కూడా తీసుకెళ్లాను. బాక్స్‌లు దించేది ఏ దుకాణమో అనుకున్నాను, తీరా చూస్తే ఇంకో వాటాదారు ఇంటి గరాజ్. తలుపు తెరిచి ఉంటుంది, మనిషి ఉండరు. గోడకు జాబితా, మన పేరు పక్కన టిక్ పెట్టి ఒక బాక్స్ తీసుకోవాలి. పక్కన ఇంకో పెట్టె ఉంటుంది, మనకు వద్దనుకున్నది అందులో పెట్టి వేరేవాళ్లు వదిలింది తీసుకోవచ్చు. ఆ పెట్టె మాకు చాలా ఉపయోగపడింది, ఎందుకంటే అమెరికన్లు మిరపకాయలు, ముల్లంగి ఆకులు వదిలేసేవాళ్లు, మేం సోంపు గడ్డ, అరుగులా వదిలేవాళ్లం. ఖాళీ బాక్స్ తర్వాతి వారం మడిచి వెనక్కి ఇవ్వాలి. మొదటిసారి నాకు మడవడం తెలియక అడుగు చించేశాను. నాలుగు డాలర్ల చిల్లర ఖరీదే, అయినా వాళ్లు ప్రతి బాక్స్ ఐదారేళ్లు వాడతారని తెలిశాక బాధనిపించింది. మడిచే పద్ధతి అడిగి నేర్చుకోండి.

ఇంటికొచ్చి తెరిస్తే ఒక లెట్యూస్, ముల్లంగి కట్ట, చిన్న సంచిలో పాలకూర, ఒక కట్ట కేల్, లేత వెల్లుల్లి, రెండు నూల్‌కోల్ గడ్డలు. అంతే. 33 డాలర్లకు ఇది. మా ఆయన ఏమీ అనలేదు, చూసి పక్కకు వెళ్లాడు, అది ఇంకా కష్టంగా అనిపించింది. ఆ రాత్రి ముల్లంగి ఆకుతో పప్పు, నూల్‌కోల్ ముక్కలతో సాంబారు చేశాను. పాలకూర కడిగితే గిన్నె అడుగున నల్లటి మట్టి దిగింది. చిన్నోడు ఆ మట్టి వేలితో తీసి చూశాడు.

రెండో వారం కొంచెం నయం. మూడో వారంలో పొగ వచ్చింది. కెనడా అడవుల మంటల పొగ దిగి జూన్ 27, మంగళవారం నాడు షికాగో గాలి ప్రపంచంలోని పెద్ద నగరాలన్నిటిలోకీ చెడ్డదిగా నమోదైంది. నాకు మొదటి పని షిఫ్ట్ ఆ రోజే, సెలవు కూడా పెట్టాను. పొద్దున్నే రావద్దని మెయిల్ వచ్చింది. బయట ఆకాశం పసుపు, బూడిద కలిసిన రంగులో ఉంది, కిటికీలు మూసినా కాలిన వాసన. గురువారానికి బాక్స్‌లు నింపాలి కాబట్టి వాళ్లు మాత్రం ఎన్95 మాస్కులు పెట్టుకుని కోశారని తర్వాత తెలిసింది. మెక్సికో నుంచి హెచ్-2ఏ వీసా (సీజన్ పొలం పనులకు ఇచ్చేది) మీద ప్రతి ఏడూ వచ్చే నలుగురు కూలీలు కూడా. జూన్ 29 బాక్స్ సగమే ఉంది. ఆ సగం బాక్స్‌లోని లెట్యూస్ ఎంత జాగ్రత్తగా తిన్నామో. మేమూ ఏళ్ల తరబడి వీసా కాగితాల మీద బతుకుతున్నవాళ్లమే, ఆ నలుగురి గురించి ఆ రోజు నుంచి ప్రతి గురువారం ఆలోచించాను.

మొదటి షిఫ్ట్ జూలై 8, శనివారానికి మారింది. పొద్దున 7కి అక్కడ ఉండాలి, గంటా పది నిమిషాల డ్రైవ్. తీసుకెళ్లాల్సినవి: టోపీ, నీళ్లు, పొడుగు చేతుల చొక్కా, ముఖ్యంగా మోకాళ్ల కింద వేసుకోవడానికి ఏదైనా మెత్తటిది. నాకు ఇచ్చిన పని క్యారెట్ సాళ్లలో కలుపు. చిన్నప్పుడు కలుపు తీసినదాన్నే కదా అనుకున్నాను, అరగంటకే నడుము పట్టేసింది. క్యారెట్ మొక్క దారంలా ఉంటుంది, కలుపు దాన్ని మింగేసి ఉంటుంది.

అక్కడ ఒక విషయం జరిగింది. సాళ్ల మధ్య నేలంతా పరుచుకుని ఉన్న కలుపు చూస్తే గంగవాయిలి కూర! ఎర్రటి కాడలు, దళసరి చిన్న ఆకులు. బకెట్లకొద్దీ పీకి గట్టున పోస్తున్నారు. నేను రైతు భార్యను పిలిచి ఇది మేం పప్పులో వేసుకుంటాం, మా అమ్మ దీనికోసం చేనంతా తిరిగేది అని చెప్పాను. ఆవిడకు అది తినొచ్చని తెలుసట, కానీ ఎలా వండాలో తెలియదు. పక్కనే ఇంకో కలుపు, లేత తోటకూర లాంటిదే, అదీ చూపించాను. రెండు సంచులు నింపుకుని ఇంటికి తెచ్చాను. ఆ రాత్రి కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు. మా ఆయన మూడుసార్లు వడ్డించుకున్నాడు. తర్వాతి వారం మెయిల్‌లో ఆ పప్పు చేసే పద్ధతి నా మాటల్లోనే వేశారు, ప్రతి బాక్స్‌లో ఒక కట్ట గంగవాయిలి పెట్టారు. మార్పిడి పెట్టెలో చాలా కట్టలు మిగిలాయి, అవి కూడా నేనే తెచ్చుకున్నాను. కానీ ఇద్దరు వాటాదారులు వండామని రాశారు. చాలు.

జూలై 20న చిన్నోడికి జ్వరం, డాక్టర్ దగ్గర ఆలస్యమైంది, 7:20కి గరాజ్ చేరాను. మూసేశారు. 7 దాటితే మిగిలినవి ఫుడ్ ప్యాంట్రీకి, అంటే లేనివాళ్లకు ఉచితంగా తిండి సరుకులు ఇచ్చే చోటికి, ఇచ్చేస్తారు, అది నియమం, కాగితంలో ఉంది. 33 డాలర్లు పోయినా ఎవరో తిన్నారు కదా అనుకున్నాను. కుదరదని ముందు రోజు రాత్రిలోపు చెబితే వచ్చేవారం రెండు బాక్స్‌లు ఇస్తారు, ఇది గుర్తుపెట్టుకోండి.

జూలైలో ఇంకో సమస్య, ఎక్కువైపోవడం. జుకినీలు, కీరలు, కేల్, స్విస్ చార్డ్. బాక్స్ రాగానే ఒక గంట పని ఉంటుంది: బీట్‌రూట్, ముల్లంగి ఆకులు వెంటనే కోసి వేరు చేయాలి, లేకపోతే గడ్డ వడలిపోతుంది. ఆకుకూరలు కడిగి ఆరబెట్టి గుడ్డలో చుట్టాలి. ఈ గంట పని చేయని వారాల్లో సగం పాడైంది. రెండు వారాలు నేను ఆకుకూర పారేశాను. బాపుకి ఆ మాట చెప్పలేదు. మాకు కుదిరినవి: జుకినీ దోసకాయ పప్పులా, తురిమి పెసరట్టు పిండిలో, చార్డ్ పాలకూరలాగే, కేల్ సన్నగా తరిగి కొబ్బరి వేసి వేపుడు, వెల్లుల్లి కాడలతో పచ్చడి, అది ఈ ఏడాది మొత్తంలో నాకు దొరికిన గొప్ప రుచి. నూల్‌కోల్‌ని పిల్లలు పచ్చిదే ఉప్పూకారం చల్లుకుని తినేశారు.

ఇక టమాటా. అందరూ ఎదురుచూసేది దానికోసమే. జూలై చివరి వారంలో ఒక రాత్రి ఫారం వైపు రాళ్లవాన పడింది, పదిహేను నిమిషాలట. పొద్దున మెయిల్‌లో ఫొటోలు: చిరిగిన ఆకులు, కాయల మీద గుంటలు, పగుళ్లు. టమాటాలో మూడొంతుల పంట పోయినట్టే, మిరప, వంకాయ కోలుకుంటాయేమో చూడాలి అని రాశారు. ఆఖర్న ‘క్షమించండి’ అని ఉంది.

నిజం రాయాలి కదా, నాకు మొదట వచ్చింది జాలి కాదు. కోపం. ఆగస్టు 3న బాక్స్‌లో రెండే టమాటాలు, 10న మూడు. అదే వారం స్టోర్‌లో 9 డాలర్లు పెట్టి టమాటాలు కొన్నప్పుడు, రెండుసార్లు డబ్బు కడుతున్నాం కదా, కొంతైనా వాపసు ఇవ్వొచ్చు కదా అనిపించింది. మా ఆయనతో కాదు, ఆదివారం బాపుతో అన్నాను ఆ మాట. సంతకం పెట్టిన సంగతి కూడా మర్చిపోయి, సగం ఇవ్వాలి బాపూ వాళ్లు అన్నాను.

బాపు నెమ్మదిగా, “గా యేడు దుకాణపాయన గిట్లనే అడిగిండు బిడ్డా. పురుగు తింటే నాకేం సంబంధం, నా పైసలు నాకు పడేయి అన్నడు,” అన్నాడు. తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. ఫోన్ అమ్మకిచ్చేశాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ దుకాణం నాకు గుర్తుంది, మెట్ల మీద బాపు పక్కన నిలబడ్డాను ఒకసారి.

ఆగస్టు 12న రెండో షిఫ్ట్. పగిలిన టమాటాల్లో పనికొచ్చేవి ఏరడం. ఒక్కో కాయ తిప్పి చూడాలి, బూజు పట్టింది కంపోస్టుకి, పగులు ఎండినది వేరే బుట్టలోకి, సాస్ చేసుకునేవాళ్లకు. నాలుగు గంటల్లో నేను ఏరింది పదకొండు బుట్టలు. మధ్యలో రైతు పక్కన కూర్చుని నీళ్లు తాగుతూ మాట్లాడాడు. ఆయన భార్య బడి తెరిచిన నెలల్లో స్కూల్‌లో ఉద్యోగం చేస్తుంది, ఇంటికి హెల్త్ ఇన్సూరెన్స్ అక్కడి నుంచే. 180 వాటాల డబ్బు లెక్కేస్తే లక్షా పద్దెనిమిది వేల డాలర్ల పైమాటే, వినడానికి పెద్దదే. కూలీల జీతాలు, వాళ్ల ఇల్లు, రవాణా, డీజిల్, విత్తనం, బాక్స్‌లు, పొలం అప్పు పోగా ముగ్గురికీ మిగిలేది చెప్పాడు. ఆ అంకె ఇక్కడ రాయను, అది ఆయన ఇంటి విషయం. కానీ అది విన్నాక నాకు ఇంకో ప్రశ్న రాలేదు. రాళ్లవాన తర్వాత ఎంతమంది డబ్బు వాపసు అడిగారని మాత్రం అడిగాను. నలుగురు అన్నాడు. నేను మనసులో ఐదోదాన్ని అయ్యానని ఆయనకు చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చేటప్పుడు పగిలిన టమాటాలు ఒక బుట్ట ఇచ్చారు. రెండు రోజులు ఎండబెట్టి టమాటా పచ్చడి పెట్టాను. ఆ జాడీ ఇంకా ఉంది.

సెప్టెంబర్ మంచి నెల. మిరప, వంకాయ కోలుకున్నాయి. బెండకాయ రెండు వారాలే వచ్చింది, రెండుసార్లూ పిల్లలకు ఇగురు చేస్తే గిన్నె ఖాళీ. బంగాళాదుంప, ఉల్లి, రకరకాల గుమ్మడికాయలు. బాక్స్ నేనొక్కదాన్నే ఎత్తి కారులో పెట్టలేనంత బరువు.

అక్టోబర్ మొదటి వారంలో, వారాంతానికి మంచు పడేలా ఉంది, పూలమడిలో కావలసినన్ని కోసుకోండి అని మెయిల్. అక్టోబర్ 5న పిల్లలతో వెళ్లాను. బంతి, జినియా చూద్దామని వెళితే వాటి వెనక వరుసల్లో కంకుల్లా నిలబడ్డ గులాబీ, తెలుపు పూలు. ఒక్క నిమిషం నిలబడిపోయాను. గునుగు! వాళ్లు సెలోషియా అంటారు, పూలగుత్తుల్లో పెట్టడానికి పెంచుతారట. అమెరికా వచ్చిన పదమూడేళ్లలో బతుకమ్మకు నేను గునుగు పెట్టలేదు, ప్రతిసారీ స్టోర్‌లో దొరికిన చేమంతులే. ఒక చేటెడు కోశాను. గునుగు ఎండినా రాలిపోదు కాబట్టి వారం రోజులు గరాజ్‌లో తలకిందులుగా వేలాడదీశాను. అక్టోబర్ 14, శనివారం, ఎంగిలిపూల బతుకమ్మ రోజు మా బతుకమ్మ మూడు వరసలు గునుగుతో నిలబడింది. అమ్మకు వీడియోలో చూపిస్తే ముందు నమ్మలేదు, ఎక్కడి నుంచి తెప్పించినవే అని అడిగింది.

అక్టోబర్ 21న వాటాదారులందరినీ వెల్లుల్లి నాటడానికి పిలిచారు. ఇది తప్పనిసరి షిఫ్ట్ కాదు, అయినా నలుగురం వెళ్లాం. మా ఆయన పొలం చూడటం అదే మొదటిసారి. రెబ్బ మొన పైకి ఉండేలా రెండంగుళాల లోతు, జానెడు దూరం. పైన గడ్డి కప్పుతారు, చలికాలమంతా మంచు కింద ఉండి జూలైలో చేతికొస్తుంది. మేం నలుగురం మూడు సాళ్లు పూర్తిచేశాం. రైతు ఆ సాళ్ల చివర కర్ర పాతి మా పిల్లల పేర్లు రాశాడు.

ఆఖరి బాక్స్ అక్టోబర్ 26న. ఐదు రోజులకు, 31న, పిల్లలు వేషాలు వేసుకుని చాక్లెట్లకు బయల్దేరే వేళకు మంచు కురిసింది.

లెక్క అడిగేవాళ్ల కోసం: 660 డాలర్లు, పెట్రోలుకి సుమారు 90. ప్రతి వారం బాక్స్‌లోవి ఫోన్‌లో రాసుకుని స్టోర్ ధరలతో పోల్చాను. మామూలు కూరగాయల ధరకైతే 560 దాకా, ఆర్గానిక్ అని అమ్మే ధరకైతే 790 దాకా వస్తుంది. పారేసింది, అందుకోలేకపోయిన బాక్స్ కలిపి ఓ 70 పోయింది. ఇండియన్ స్టోర్ ఖర్చు పూర్తిగా ఆగదు, కరివేపాకు, కొత్తిమీర, పచ్చిమిర్చి కొంటూనే ఉన్నాం. డబ్బు మిగల్చడానికైతే చేరకండి. ఇద్దరే ఉండే ఇల్లయితే పూర్తి వాటా అసలు తీసుకోకండి, వారం విడిచి వారం చాలు.

నవంబర్ 6న వచ్చే ఏడాదికి దరఖాస్తు వచ్చింది. 690 చేశారు, డిసెంబర్ 15లోపు 100 కడితే చోటు ఖాయం. ఈసారి మా కమ్యూనిటీలో ఇంకో తెలుగు కుటుంబంతో కలిసి ఒక వాటా తీసుకుంటున్నాం, చెరో 345, వంతులవారీగా బాక్స్. మిత్తిలేని డబ్బు కదా, మొత్తం ఇప్పుడే కట్టేద్దాం అని మా ఆయనే అన్నాడు. మొన్న చెక్కు పంపాం.

బాపు ఇప్పుడు ప్రతి ఆదివారం వెల్లుల్లి గురించే అడుగుతున్నాడు. మా సాళ్ల మీద గడ్డి కప్పి ఉంది బాపూ, ఇంకేం కనపడదు, మార్చి దాకా ఆగాలి అని చెప్పాను. సరేనంటాడు. మళ్లీ ఫోన్ పెట్టేసే ముందు, “ఎల్లిగడ్డ మొలిచిందా బిడ్డా?” అంటాడు.